నిలబెట్టిన బండలు

తాండూరు స్టేషన్లో రైలు దిగినప్పటి నుంచి అతియా కాళ్లు ఒకచోట నిలవలేదు. నిలవమంటే ఎలా నిలుస్తాయి? చంకలో ఏడాదిన్నర జోయా. దించితే ఉరుకుతుంది, ఎత్తుకుంటే గింజుకుంటుంది. అత్తగారు జహీరాబీ స్నానాల గదిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా, బక్రీదు గడిచేదాకా ఇల్లు చూసుకోవడానికి కోడలు రాక తప్పలేదు. వికారాబాద్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే మొగుడు పర్వేజ్ "ఆదివారం నేనొస్త, అప్పటిదాంక ఫికర్ చెయ్యకు" అని తల్లీబిడ్డల్ని రైలెక్కించి చేతులు దులుపుకున్నాడు. ఫికర్ చెయ్యకు అనేవాళ్లంతా, దాన్ని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారన్న ధైర్యంతోనే అంటారు.

వికారాబాద్‌లో వాళ్లది మేడమీద రెండు గదుల అద్దె ఇల్లు. జోయా పాకడం మొదలుపెట్టిన నాడే అతియా ఆ ఇంటిని కిందామీదా చేసేసింది. ప్లగ్గులకు టేపు అంటించింది. ఫినాయిలు, కత్తులు, మందుగోళీలు అటకెక్కాయి. మెట్ల దగ్గర చెక్క అడ్డం కట్టించింది. "గీ ఇంట్ల బిడ్డకు అందేది నువ్వొక్కదానివే" అని పర్వేజ్ నవ్వేవాడు. ఆమెకు కావలసిందీ అదే.

అత్తగారిల్లు అలా కాదు. ఇంటిని ఆనుకునే మామ చాంద్‌పాషా బండల పాలిష్ షెడ్డు. రెంటికీ మధ్య తలుపుంది గాని, దాన్ని మూయగా చూసినవాళ్లు లేరు. వాకిట్లో నీళ్ల సంపు, దాని మీద మూత అనే పేరుకు ఒక రేకు. వంటింట్లో నేల మీదే కత్తిపీట, ఫినాయిలు సీసా, కిరసనాయిలు డబ్బా చుట్టాల్లా ఒకచోట కూర్చుని ఉన్నాయి. వీటన్నిటినీ మించినవి షెడ్డు గోడకు వరసగా ఆనించి నిలబెట్టిన నీలం బండలు. ఒక్కోటీ తలుపంత. కింద ఒక కర్రదుంగ, దుంగ ముందు జారకుండా అడ్డం పెట్టిన చిన్న చిన్న రాళ్లు. ఆ బండల కేసి చూసినప్పుడల్లా అతియా చంకలో జోయాను ఇంకాస్త బిగించి పట్టుకునేది.

వచ్చిన సాయంత్రమే పని మొదలుపెట్టింది. సీసాలు అలమారు మీదికి చేర్చింది. సంపు రేకు మీద రెండు రాళ్లు పెట్టి తాడుతో బిగించింది. ప్లగ్గులకు టేపు వేసింది. పొద్దున లేచేసరికి జహీరాబీ ఫోన్ చార్జింగు కోసం ఆ టేపు పీకి ఉండచుట్టి కిటికీలో పెట్టింది.

"నలుగుర్ని గీ ఇంట్లనే పెంచిన దుల్హన్," అంది కోడల్ని పిలిచే పిలుపుతో. "ఎవనికన్న కాలు వంకరవోయిందా, చెయ్యి వంకరవోయిందా?"

అలా అన్న ఆవిడ చెయ్యే కట్టుతో మెడకు వేలాడుతోంది. అది వేరే సంగతి. అత్తతో వాదం పెట్టుకునే రకం కాదు అతియా. మళ్లీ టేపు వేసింది. జహీరాబీ మళ్లీ పీకింది. రెండో రోజుకల్లా కోడలికి ఫికర్‌బీ, అంటే దిగులమ్మ, అని పేరు పెట్టింది. ఆ పేరు షెడ్డులో పనిచేసే కిష్టప్ప దాకా పాకింది.

బండల మాట మాత్రం, అబ్బా అని పిలిచే మామను అతియా అడగకుండా ఉండలేకపోయింది. "అబ్బా, గివన్ని కింద పండబెట్టరాదా? బిడ్డ అటు పోతె ఎట్ల?"

చాంద్‌పాషా మెత్తటి మనిషి. నవ్వాడు. "బండ నిలవడితె బతుకుతది బిడ్డా, పండుకుంటె పగులుతది. మా అయ్య, అబ్బాజాన్ కాన్నించి మాకు గిదే చదువు. పరిచేదాంక దాని వీపు నేలకు ఆననియ్యం. జరంత ఎత్తుపల్లం ఉంటె సాలు, నడిమిట్ల ఇరుగుతది. మస్తు మంచి రాయి ఇది, ఒకాయన ఇంటి హాలుకని ఏరి ఏరి తీసిన."

"అయితె ఆ తలుపన్న వెయ్యుండ్రి."

"ఏస్త, ఏస్త," అన్నాడు. వేశాడు కూడా. పావుగంట తర్వాత కిష్టప్ప చేతుల్లో నీళ్ల బిందెతో వచ్చి కాలితో తోసి తెరిచాడు, అది అలాగే ఉండిపోయింది.

ఇక అతియాకు మిగిలిన ధైర్యం ఒక్కటే, జోయా కాళ్ల గజ్జెల పట్టీలు. పిల్ల నడిస్తే గల్లుమంటాయి. ఆ చప్పుడును అతియా పుస్తకంలా చదివేస్తుంది. ఉరికితే ఒక తీరు, కూర్చుంటే ఒక తీరు. గడప దగ్గరైతే మరీ. వికారాబాద్‌లో మెట్ల దగ్గర పడకూడదని, గడపొస్తే వెనక్కి తిరిగి ముడ్డి ముందు దించమని ఎన్నోసార్లు నేర్పింది. అందుకని ఏ గడపొచ్చినా గజ్జెలు ఆగుతాయి, తిరుగుతాయి, ఒక కాలు దిగుతుంది, తర్వాత రెండో కాలు. వంటింట్లో ఉల్లిగడ్డ తరుగుతూ చెవులు మాత్రం ఇల్లంతా తిప్పేది అతియా. చప్పుడు ఆగిందా, కత్తి అక్కడే పడేసి ఉరుకు. "జోయా" అని కేక. ఆ కేక జోయాకు ఆటైపోయింది. అమ్మ పిలిచిందంటే తరుముతుందన్నమాట, కిలకిలా నవ్వి ఇంకా లోపలికి ఉరకాలన్నమాట. రోజంతా అదే వరస. కాలుగాలిన పిల్లి కూడా ఎప్పుడో ఒకప్పుడు కూర్చుంటుంది, అతియా కూర్చోలేదు.

జోయాకు ఆ ఇంట్లో నచ్చింది పండక్కి తెచ్చిన మేకపోతు. షెడ్డు గుంజకు కట్టేసి ఉండేది. తన రొట్టె దానికి పెట్టేది, దాని మెడ పట్టుకుని మొహానికి మొహం ఆనించేది. అది మాత్రం బుద్ధిగా ఓర్చుకునేది.

గురువారం మధ్యాహ్నం అన్నాలయ్యాక జోయాను అత్తగారి పక్కన పడుకోబెట్టింది అతియా. "జర చూస్తరా అమ్మీ, పిండి కలుపుకొస్త."

"చూస్తున్న పో," అంది జహీరాబీ, కళ్లు మూసుకునే.

పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు. దాదీ, అంటే నాయనమ్మ, కునికింది. జోయా లేచి, తెరిచే ఉన్న తలుపులోంచి షెడ్డులోకి, దాదా చాంద్‌పాషా దగ్గరికి పోయింది. అక్కడ మేకపోతు కాళ్లు చూపించి, తన కాళ్లు చూపించి, దానికీ గజ్జెలు కావాలని రాగం తీసింది. మనవరాలు ఏడిస్తే ఆ ముసలాయన గుండె ఆగదు. పిల్ల పట్టీలు విప్పి, కొసలకు దారం కట్టి మేక ముందరి కాళ్లకు తొడిగాడు, మేక నడిస్తే గాని పిల్ల ఊరుకోదని దాని తాడూ విప్పాడు. కరెంటు పోయి పాలిష్ మిషను ఆగింది. కిష్టప్ప చాయ్ తెచ్చాడు. "దాదీ కాడికి పో బేటా" అని పిల్లను తలుపు వైపు తిప్పి, ఆయన గేటు దగ్గరికి నడిచాడు. పిల్ల లోపలికి పోయిందనే అనుకున్నాడు. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు.

వంటింట్లో అతియాకు తెలిసింది గజ్జెల చప్పుడు ఒక్కటే. మిషను ఆగిన ఇంట్లో గల్లుగల్లుమని స్పష్టంగా వినిపిస్తోంది. లేచిందన్నమాట, వాకిట్లో తిరుగుతోందన్నమాట. హమ్మయ్య, అందరూ ఉన్నారులే అనుకుంది. వచ్చిన నాటి నుంచి మొదటిసారి పీట వాల్చుకుని కూర్చుని, చల్లారిన చాయ్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది. అత్త అన్నది నిజమేనేమో, నేనే గోరంతను కొండంత చేస్తున్నానేమో అని కూడా అనుకుంది పాపం.

గజ్జెలు నడవలోకి వచ్చాయి. గడప దాకా వచ్చాయి. ఆగలేదు. తిరగలేదు. గల్లున గడప దాటేశాయి.

అతియా చేతిలో గ్లాసు కింద పడింది. నా బిడ్డ గడప అలా దాటదు. లేచి చూస్తే వంటింటి గుమ్మంలో మేకపోతు, పిండి వాసన చూస్తూ. దాని కాళ్లకు జోయా పట్టీలు.

సంపు దగ్గరికి ఉరికింది. రేకు మీద రాళ్లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. మంచం మీద జహీరాబీ గురక. గేటు దగ్గర చాంద్‌పాషా, కిష్టప్ప. ఆమె మొహం చూసి చాంద్‌పాషా సాసరు కింద పెట్టేశాడు. "ఇంట్లకు పంపిన కద," అన్నాడు. "గేటు దాటలే బిడ్డా, మేం ఈడనే ఉన్నం."

అప్పుడు వినపడింది నవ్వు. చిన్నగా, షెడ్డులోంచి. నిలబెట్టిన బండలకూ గోడకూ నడుమ ఉన్న సందులో, చల్లటి చీకట్లో, జోయా కూర్చుని ఉంది. బండల చివర పొడుచుకొచ్చిన దుంగ కొస ఎక్కి ఎప్పుడు దూరిందో దూరింది. అరచేతులతో బండను తపతప కొడుతోంది. కింద అడ్డం పెట్టిన రాళ్లలో ఒకటి ఇప్పటికే పక్కకు దొర్లి ఉంది.

జోయా అన్న పిలుపు అతియా గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. పిలిస్తే నవ్వుతుంది. నవ్వి ఇంకా లోపలికి దూరుతుంది, బండల్ని తోసుకుంటూ. తరిమితే ఉరకడం దానికి నేర్పింది ఎవరు? తనే. ఆ సంగతి తెలిసిన క్షణంలో ఆమెకు తన మీద తనకే ఏడుపొచ్చింది. ఏడవలేదు. చున్నీ నోట్లో కుక్కుకుని అక్కడే నేల మీద కూర్చుంది. అన్ని రోజులుగా కూర్చోని మనిషి, ఎముకలన్నీ లేచి ఉరకమంటుంటే, కూర్చుంది.

చాంద్‌పాషా అల్లా పేరు తలుచుకుంటూ బండల ముందు మోకాళ్ల మీద వంగి, వాటి అడుగును తన తొడలతో అదిమి పట్టాడు. కిష్టప్ప రెండో కొసన పట్టాడు. రెండు చేతులూ చాపి అందిన అంచులు పట్టుకున్నారు. అలికిడికి లేచి వచ్చిన జహీరాబీ గుమ్మంలో నిలబడిపోయింది.

"అమ్మీ," అంది అతియా, చున్నీ నోట్లోంచి తీసి, గుసగుసగా. "మేకను తోల్కరాండ్రి. మెల్లగ నడిపించుండ్రి."

జహీరాబీ ఒంటి చేత్తోనే మేక మెడపట్టెడ పట్టుకుని తెచ్చింది. గల్లు, గల్లు. మేక షెడ్డులో అటు నడిచింది, ఇటు నడిచింది. సందులో తపతప ఆగింది. జోయా తొంగి చూసింది. తన గజ్జెలు, తన మేక. పాకుతూ బయలుదేరింది. దుంగ దాకా వచ్చింది.

దుంగ కూడా ఒక గడపే కదా దానికి. ఆగింది. ఆ ఇరుకులోనే వెనక్కి తిరగబోయింది. వీపు బండకు తగిలింది, పైన రెండు బండలు ఒకదానికొకటి రాసుకుని కీచుమన్నాయి. చాంద్‌పాషా మెడ నరాలు ఉబ్బాయి. తిరక్కు బిడ్డా, మొహం ముందు పెట్టే దిగు అని అతియా లోపల్లోపల మొక్కుకుంది. తను నేర్పిన జాగ్రత్తే ఇప్పుడు బిడ్డ ప్రాణం మీదికి వచ్చింది. జోయా మాత్రం తొందరపడలేదు. ముడ్డి ముందు దించింది. ఒక కాలు, తర్వాత రెండో కాలు.

రెండో కాలు నేలకు ఆనగానే అతియా ఆ పిల్లను లాగి గుండెకు హత్తుకుంది. జోయా గింజుకుంటూ మేక వైపు చేతులు చాచింది. జహీరాబీ కోడలి పక్కనే కింద కూలబడి, బాగున్న చేత్తో జోయా పాదం పట్టుకుని వదల్లేదు. "చూస్తున్న అంటి," అంది చివరికి. "అని నిద్రవోయిన దుల్హన్." అతియాకు కోపం ఉంది, చాలా ఉంది, కాని ఆ చేతిని విడిపించడానికి మనసొప్పలేదు.

చాంద్‌పాషా లేచాడు. తొడల మీద బండ అంచు కోసిన గీతలున్నాయి. పాలిష్ బురద ఎండిన ఆ గరుకు నేల కేసి ఒకసారి చూశాడు.

"కిష్టప్పా, పట్టు. పండబెడదాం."

కిష్టప్ప తెల్లబోయాడు. "గీ నేల మీదనా సేటు? నేల సాపుగ లేదు, ఇరుగుతయి."

"పట్టురా."

మొదటి బండ పండుకుంది. రెండోది పండుకుంది. మూడోదాన్ని దించి చేతులు తీసేసరికి నడిమికి టక్కుమని పగిలింది, ఈ కొస నుంచి ఆ కొస దాకా. అబ్బాజాన్ నాటి నుంచి ఆ షెడ్డులో ఎవరూ చెయ్యని పని అది. కిష్టప్ప బండ కేసి, ఆయన మొహం కేసి చూస్తూ నిలబడ్డాడు.

"పగలనియ్యి," అన్నాడు చాంద్‌పాషా. "ఇంకోటి పట్టు."