చెవి పక్కన పడుకున్నది

నా ఎడమ కంటికి శుక్లం. యాభై రెండో ఏట నేర్చుకున్న అక్షరాలన్నీ కుడి కంటితో చదవాల్సిందే. అందుకే రోజూ తెల్లవారగానే ఎడమ కన్ను అరచేత్తో మూసి, గోడ మీది చర్చి క్యాలెండరులో పునీతుల పేర్లు చదువుతాను. తడబడకపోతే పొయ్యి ముట్టిస్తాను.

ఆ మంగళవారం పేర్లు మసకబారాయి.

ముందు రోజు చెరుకు తోటలో ఎండ దెబ్బకు జ్వరం వచ్చింది. ఇప్పుడు కుడి కంట్లో ఇసుక పడ్డట్టుంది. కడుక్కున్నాను. చదివాను. మళ్ళీ కడుక్కున్నాను. చెయ్యి ఊరికే చెవి దగ్గరకు పోతోంది.

కిందటేడు ఇదే కన్ను చెడినప్పుడు, వన్ టౌనులో కంటి డాక్టరు తిరుపతిరావుగారు మందుచీటీ వెనక బొమ్మ గీశారు. గుండ్రంగా కన్ను, దాన్నుంచి దారంలా నరం, చివర చెవికి లోపలి వైపు చిన్న ముడి.

"ఇది వైరస్ అనే క్రిమి. పుండు మానినా చావదమ్మా. నరం వెంట పోయి ఈ ముడిలో పడుకుంటుంది. జ్వరానికో ఎండకో లేచి, పోయిన దారినే తిరిగొస్తుంది."

"చుక్కల మందు అక్కడిదాకా పోదాండీ?"

"పోదు. లేచిందనిపిస్తే వెంటనే రా."

"ఏందక్కా, పొద్దున్నే గోడకి ముద్దులు పెడుతున్నావ్?" అంటూ తోడికోడలు అమలమ్మ వచ్చింది. నా కన్ను చూసి, ఇంటికి పోయి సీసా తెచ్చింది. కూతురి కళ్ళకలకకు ఎవరో ఇచ్చిన చుక్కలు. కిందటేడు మొదట నాకు వేసిందీ అవే. పూటలో ఎరుపు పోయింది, వారానికి చూపు పోబోయింది. పైకి ఎరుపు తగ్గించి లోపల పుండును పెంచే మందని డాక్టరు కేకలేశారు.

"ఎరుపు పోయిందా లేదా? ఇయాళ పనికి రాకపోతే మేస్త్రీ రేపు ముఠాలోకి రానియ్యడు. తల వాల్చు."

మంట ఓర్చుకోలేక వాల్చాను. చుక్క సీసా మూతికి వేలాడుతోంది. దాని పక్కగా క్యాలెండరు. ఒక్క పేరూ ఆనలేదు.

అమలమ్మ చెయ్యి తోసేశాను. చుక్క నా చెంప మీద పడింది.

"నీ మంచికి పోతే ఇదా! గుడ్డిదానివైతే నన్ననకు."

మొదటి బస్సెక్కాను.

డాక్టరుగారు కంట్లో పసుపు రంగు మందు వేసి, నీలం దీపంతో చూశారు. "పుండు మళ్ళీ లేచి కొమ్మల్లా చీలింది. ఇంకా చిన్నదే. గంటకోసారి ఈ చుక్కలు వేసుకో. సీసా చల్లగా ఉండాలి, నీళ్ళకుండ పక్కన పెట్టుకో."

"ఈసారి పోతుందాండీ?"

"పుండు పోతుంది" అన్నారు.

తిరుగు బస్సులో ఎడమ కన్ను మూసుకునే కూర్చున్నాను. ఉయ్యూరు బోర్డు వచ్చింది. ఉయ్యూరు అని పైకే అన్నాను. చదివానో, తెలిసిన ఊరు కాబట్టి అన్నానో తేలలేదు. బస్సు కదిలేలోపు కిటికీలోంచి వెనక్కి వంగి మళ్ళీ చూశాను.