రాళ్లదొర, రేట్లదొర

తడిపిన కొంగుతో కళ్లు ఒత్తుకుని రెబెకా మళ్లీ కంప్యూటర్ మీదికి వంగింది. పొద్దున్నుంచి ఇదే వరస. కింద ఎరువుల కొట్టు, పైన ఈ రేకుల గది. గద్వాల ఎండకు రేకులు కాగుతుంటే, పురుగుమందుల ఘాటు మెట్లెక్కి వచ్చి కూర్చుంటుంది. ఫ్యాను తిరగడమైతే తిరుగుతుంది. గాలి ఎవరికి తగులుతుందో దానికే తెలియాలి.

చేసే పని చెబితే ఎవరైనా నవ్వుతారు. నూటయాభై ఏళ్ల కిందట ఇంగ్లండులో ఇద్దరు దొరలు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలను, ఆ చేతిరాత చూసి టైపు కొట్టాలి. ఒకే పేజీని ఇక్కడ రెబెకా, వనపర్తి ఆఫీసులో ఇమామ్ సాహెబ్ విడివిడిగా కొడతారు. ఇద్దరిదీ కలవని చోట ఎర్రగీత పడుతుంది. పక్కనున్న గడిలో రాసుకుని తేల్చుకోవాలి.

గడి ఉన్నది అందుకే. కానీ కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన ముసలాయన ఊరుకుంటాడా! ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి కబుర్లు పెట్టేవాడు. రాళ్లదొర, రేట్లదొర అని వాళ్లకు పేర్లు పెట్టిందీ ఆయనే. కొండమీద గవ్వలు దొరికాయి, సముద్రం అంత పైకి ఎట్లా వచ్చిందని మొదటాయన పేజీలకు పేజీలు నింపేవాడు. గోధుమ ధర తగ్గిన ఏడాది పెళ్లిళ్లు పెరిగాయని రెండో ఆయన లెక్కలు తీసేవాడు. "మా వనపర్తిల గూడ గంతేనమ్మా" అని గడిలో ఇమామ్ సాహెబ్. ఆయన్ని రెబెకా ఎన్నడూ చూడలేదు. అయినా భర్త పోయాక ఆమెతో రోజూ మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

దొరలిద్దరికీ కరువు దగ్గర చెడింది. ధర పెరగనివ్వాలి, పెరిగితేనే ధాన్యం తరలి వస్తుందని రేట్లదొర. కొనేవాడి చేతిలో పైసా లేకుంటే వచ్చిన ధాన్యం ఎవరు తింటారని రాళ్లదొర. ఇమామ్ సాహెబ్ రేట్లదొర పక్షం. ఆయన తండ్రిది ధాన్యం దుకాణం మరి. రెబెకా తల్లి కరువుకు బొంబాయి పోయి మట్టితట్టలు మోసిన మనిషి. రెబెకాకు ఒళ్లు మండింది.

"కడుపు నిండినోని లెక్కలు నాకు చెప్పకున్రి సాబ్" అని కొట్టి పంపింది.

అంతే. అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆయన కొట్టే పేజీలు కూడా ఆగిపోయాయి. సూపర్‌వైజరు మల్లేశ్‌ను అప్పుడే అడిగితే, "సెలవు పెట్టిండక్కా" అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. సెలవు కాదు, కోపం అనుకుంది రెబెకా. పెద్దమనిషిని పట్టుకుని ఎంత మాట అన్నానని అన్నం ముందు కూర్చున్నా గుబులే.

ఇవాళ్టి పేజీ రాళ్లదొరది. నెలల తరబడి మాటల్లేకుండా ఉండి, చివరికి తనే ముందు రాశాడు. గొడవ ఊసే లేదు. కొండమీద దొరికిన గవ్వ ఒకటి పంపుతున్నాను, నీ దగ్గు ఎట్లా ఉంది అని అడిగాడు. ఓరి నీ! అంత చదువుకున్న దొరే దిగొచ్చాడు, నాకేం పోయేకాలం అనుకుంది రెబెకా.

గడిలో కొట్టింది. "సాబ్, ధరల సంగతి మల్ల కొట్లాడుదం. పాణం ఎట్లున్నది? అలిగితె అలిగిన్రు గని, జర ఒక్క మాట రాయున్రి."

జొన్నరొట్టె తింటూ ఎడమచేత్తో గడి తెరిచి చూసింది. ఖాళీ. టీ వచ్చినప్పుడు చూసింది. ఖాళీ. నడుము పీకుతుంటే లేచి కిటికీ దగ్గర నిలబడి, ధరూర్ పోయే ఆటోలోకి జనాన్ని కుక్కుతున్న డ్రైవరును కాసేపు చూసి, వచ్చి మళ్లీ తెరిచింది.

పొద్దు వాలుతుండగా మల్లేశ్ మూతలేని అట్టపెట్టె ఒకటి మోసుకుంటూ మెట్లెక్కాడు. వనపర్తి నుంచి వస్తున్నాడు.

"ఇమామ్ సాబ్ సామాను అక్కా. ఆయన కొడుకు గద్వాలకొచ్చి తీస్కపోతడంట."

"ఎందుకు, పని బందు పెట్టిండా?"

మల్లేశ్ నిలబడిపోయాడు. "నీకెవ్వరు చెప్పలేదా? శుక్రవారమే పాయె గదక్కా. ఉత్త జొరమే అనుకున్నరు. దవాఖానకు తీస్కపోతుంటెనే పాణం పోయిందట."

రెబెకా కుర్చీ చేతిని పట్టుకుంది. "తమ్మీ, నేను కోపంల రాసిన మాట చూసిండా?"

"కడుపు నిండినోని లెక్కలన్నవ్, గదేనా? చూసిండు. ఆఫీసు మొత్తానికి సదివి ఇనిపిచ్చి నవ్విండట. బిడ్డ మంచి మాటన్నది, దీనికి ఆలోచన జేసి జవాబు రాయాలె అన్నడట. ఆ దినమే జొరమొచ్చి పండుకున్నడు."

రెబెకాకు ఏడుపు ఆగలేదు. కోపంతో పోయాడన్నా ఇంత బాధ ఉండేది కాదు. ఏం జవాబు చెప్పేవాడో!

మల్లేశ్‌కు ఏం చేయాలో తోచలేదు. "ఇగ రెండోమనిషిని పెడ్తలేరంట," అన్నాడు చివరికి. "నువ్వు కొట్టిందే ఖాయం. ఎర్రగీతలు గిట్ట రావు. ఆరాం నీకు."

"నేను తప్పు కొడితే?"

"ఎవలకు తెలుస్తదక్కా."

అతను దిగిపోయాడు. రెబెకా కంప్యూటర్ ఆపి, చెప్పులేసుకుని, పెట్టె దగ్గర ఆగింది. వనపర్తి ఆఫీసులో ఏసీ ఉంది. ముసలి ప్రాణానికి అది పడేది కాదేమో, అన్నిటికీ పైన నల్ల ఉన్ని మఫ్లరు ఉంది. తలమీదుగా లాగి తీసినట్టుంది, ముడి విప్పలేదు. మెడంత గుండ్రంగా అలాగే ఉంది.