మందు బంద్ చేసినవా?

పరమేశ్వర్ కొంప ముంచింది కడుపునొప్పి కాదు, ఒక్క మాట. ఇబ్రహీంపట్నం నుంచి ఆదిభట్లకు కంపెనీ బస్సు నడిపేవాడు. ఓ రోజు నొప్పికి మెలికలు తిరిగిపోయి, దవాఖానలో ఇచ్చిన గ్యాస్ మందు తాగి పడుకున్నాడు. సూపర్‌వైజర్ రమాకాంత్ ఫోన్ చేస్తే ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మందు తాగి పండుకున్న అన్న."

అంతే, బస్సు తాళం చేజారింది. మన భాషకు బుద్ధుంటే, రోగం తగ్గించేదానికీ కొంపలు కూల్చేదానికీ ఒకటే పేరు పెడుతుందా?

పరమేశ్వర్ పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. చెబితే అందరూ ముసిముసిగా నవ్వేవారు. కన్నతల్లి శంకరమ్మే "తాగేటోళ్లందరు గట్లనే అంటరు బిడ్డా" అంది. నమ్మింది ఒక్క భార్య స్వప్న.

హయత్‌నగర్‌లో డాక్టర్ వసంతలక్ష్మి దగ్గరికి ఆమే తీసుకెళ్లింది. స్కాన్‌లో ఏదీ స్పష్టంగా తేలలేదు.

"క్లోమ గ్రంథి మీద అనుమానంగా ఉందండి. పరగడుపున ఒకసారి, తిన్నాక మళ్లీ రక్తం తీస్తాం. గ్రంథి బాగుంటే తినగానే రక్తంలో ఒక హార్మోను పెరగాలి" అంది డాక్టరు.

పరమేశ్వర్ సంతోషంగా చెయ్యి చాపాడు. మనుషులు నమ్మకపోతే పోయారు, రక్తం అబద్ధమాడదు కదా.

హార్మోను పెరగలేదు. గ్రంథి చాలాకాలంగా వాచి పాడవుతోందని తేలింది.

"నేను తాగనని గీ పరీక్షల వచ్చిందా మేడం?"

"ఈ పరీక్ష అది చెప్పదండి. ఎక్కువగా తాగేవాళ్లకే అయినా, తాగనివాళ్లకీ ఈ జబ్బు వస్తుంది. తిన్నప్పుడల్లా ఈ మందు వేసుకోండి. జీవితాంతం మానకూడదు."

ఊళ్లో ఆ మాట ఎవరు వింటారు? జబ్బు లేదంటే నొప్పి నాటకం, ఉందంటే తాగుబోతు. ఎటు తిరిగినా గోడే.

ఇంటికొచ్చి, మాత్ర చేతిలో పట్టుకుని అన్నం ముందు కూర్చున్నాడో లేదో రమాకాంత్ ఫోన్. అతని గొంతు పక్క గదికి కూడా వినబడుతుంది.

"డ్రైవర్ దొరుకుతలేడు, నిన్నే పెడ్త. ఒక్క ముచ్చట చెప్పు. మందు బంద్ చేసినవా?"

తాగనని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఇంకోసారి చెబితే ఈ బస్సూ పోతుంది.

"బంద్ చేసిన అన్న."

"గట్ల చెప్పు. పొద్దుగాల రా."

ఫోన్ పక్కన పడేసి, మాత్ర నోట్లో వేసుకుని నీళ్ల కోసం చెయ్యి చాపాడు. చెంబు అందిస్తున్న స్వప్న చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"అంటే, ఇన్నొద్దులు తాగినవా?"