రెక్కలకంటే ముందు తోక

మా ఆయన వెంకట్రాజం కాజీపేట రైల్వే పార్సిలు ఆఫీసులో పనిచేస్తారు. 1949 వేసవిలో, దేశం విడిచి ఇంటికి పోతున్న ఇంగ్లీషు ఇంజినీరు ఒకాయన, తన సామాను ఒక్క గాజు గ్లాసు కూడా పగలకుండా కట్టించినందుకు సంతోషించి, మా ఆయన చేతిలో ఒక అట్టపెట్టె పెట్టి రైలెక్కాడు. అందులో విమానం ఉంది. ఉంది అంటే, తెల్లని పలచటి కట్టె పలకలు, సన్నని పట్టుగుడ్డ, నిమ్మకాయంత ఇంజను, తీగలు, ఒక రేడియో వాల్వు, బ్యాటరీలు, మీట బిగించిన పెట్టె, దుప్పటంత నక్షా, ఎలా అతికించాలో చెప్పే పుస్తకం ఉన్నాయి. తోక ఒక్కటి సీమలోనే చేసి పంపారు. మిగతాది మనం అతికించుకోవాలట. ఆ తర్వాత నేల మీద నిలబడి మీట నొక్కితే ఆకాశంలో విమానం తోక తిప్పుతుందట, మధ్యలో తీగ లేకుండా.

మధ్యలో తీగ లేకుండా అన్న మాట దగ్గర నాకు ప్రాణం లేచొచ్చింది. నేను హైదరాబాదులో ఫిజిక్సు చదివి బి.ఎస్సీ. ప్యాసయ్యాను. పెళ్లయి మట్టెవాడకు వచ్చాక ఆ చదువుకు దొరికిన పనల్లా పాలు ఎప్పుడు పొంగుతాయో ఇతరులకంటే కాస్త ముందు కనిపెట్టడం. ఆ వాల్వును, ఆ తీగలను నా చేతులతో అతికి, అది పలుకుతుందో లేదో చూడాలని ఎంత ఆశ పుట్టిందంటే, పట్టుచీరల కొట్లో కూడా నాకు ఎన్నడూ అంత ఆశ పుట్టలేదు. అడిగాను. ఆయన నవ్వి, అది నాజూకు పని, ఆడవాళ్ల చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి, కరెంటుతో ఆటలొద్దు అన్నారు. ఆయనకు కరెంటు గురించి తెలిసింది దాని బిల్లు మాత్రమే.

అక్కణ్నుంచి సన్నాహాలు. చదునైన బల్ల కావాలని పుస్తకంలో రాసి ఉంది. మా ఇంట్లో చదునుగా ఉన్నది వెనకగది తలుపొక్కటే కనుక దాన్ని ఊడదీసి ముందుగదిలో రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టారు. దానిమీద నక్షా, నక్షాకు జిగురు అంటకుండా మైనం కాగితం. ఇంజను తాగడానికి ఈథరు, దీపాల్లో పోసే గ్యాసునూనె, ఆముదం సమపాళ్లలో కావాలి. ఈథరు దవాఖాన కాంపౌండరు ఇచ్చాడు. ఆముదం మా అత్తమ్మ రాములవ్వ ఇవ్వాలి. ఎందుకని అడిగి, విమానానికని తెలుసుకుని, ఆమె సీసా అందిస్తూ, "దానికి గూడ కడుపు పట్టేసిందా బిడ్డా" అంది.

ఆ తర్వాత పంచాంగం చూశారు. మంచి రోజు ఆదివారం కుదిరింది. ఆ పొద్దున ఆయన తలస్నానం చేసి, పడుకున్న తలుపుకు నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టి, పుస్తకంలో మొదటి వాక్యం పైకి చదివారు. మొదలుపెట్టే ముందు అన్ని ముక్కలూ ఉన్నాయో లేదో చూసుకోమంది పుస్తకం. చూసుకున్నారు. కట్టె పలకలు లేవు.

"అవ్వా, డబ్బల తెల్ల పలకలుండె. ఏవి?"

"గా బెండా? యాకమ్మకిచ్చిన. బాసింగాలకు బెండు దొరుకుతలేదని మొత్తుకుంటాంటె, మనింట్ల ఊకె పడున్నదాయె."

పొరపాటుకు అత్తమ్మను తప్పుపట్టలేం. తెల్లగా, మెత్తగా, ఊదితే ఎగిరేంత తేలిగ్గా ఉన్న కట్టె ఈ ఊళ్లో ఒక్కటే, చెరువుల్లో పెరిగే జీలుగు బెండు. దానికి ఈ ఊళ్లో ఉన్న పనీ ఒక్కటే, పెళ్లి బాసింగం కావడం.

యాకమ్మ ఇల్లు మా వీధి చివరే. ఊళ్లో సగం పెళ్లిళ్లకు బాసింగాలు ఆమెవే. ఆయన పరుగెత్తారు. నేనూ వెంట వెళ్లాను, ఆదుర్దాతోనే. కొంచెం వినోదం కూడా ఉందనుకోండి. అప్పటికే విమానం రెక్కలు రెండు బాసింగాలై, తళుకు కాగితం అంటించుకుని, అంచులకు ముత్యాలు గుచ్చుకుని, చాటలో ఆరుతున్నాయి. సాయంత్రం పెళ్లి.

"ఏం బెండు రాజం, కత్తి పెడితె ఎన్నలెక్క తెగింది," అంది యాకమ్మ. "ఏ చెరువుల కోసిండ్రు?"

"లండన్ల, చిన్నమ్మా," అన్నారాయన నీరసంగా, చాట వైపు చేయి చాపి.

"పెండ్లిపిల్ల నొసటికెక్కేదాన్ని వాపస్ అడుగుతవా?"

చేయి వెనక్కి వచ్చింది. ఆ మాటకు ఈ ఊళ్లో ఎవరి చేయైనా వెనక్కి రావలసిందే. యాకమ్మ మంచిది. ఆలస్యంగా వచ్చిన జీలుగు బెండు కట్ట ఒకటి బదులుగా ఆయన చంకలో పెట్టింది.

ఇంటికి వచ్చి ఆయన ఆ తలుపు పక్కన, దాని మీద ఎవరినో పడుకోబెట్టినట్టు మొహం పెట్టుకుని కూర్చున్నారు. నేను బెండు చేతిలో తూచి చూశాను. సీమకట్టెకంటే తేలిక, కాని బలం తక్కువ. అంచుల వెంట సన్నని వెదురుపుల్ల వేస్తే ఆగుతుంది. రెక్కల కొలతలు నక్షాలో ఉండనే ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. ఆయన మొహం వెలిగింది. వెలగనిచ్చి, పైటకొంగుతో రెండు చేతులూ పొడిగా తుడుచుకుని ఆయన ముందు చాపాను.

"రెక్కలు నేను కోసిస్త. తీగల పని గూడ నాదే. మీరు ముట్టొద్దు."

ఆయన నా చేతుల వంక చూశారు, బెండు వంక చూశారు. "కరెంటు కొడితె?"

"అది బ్యాటరీ. అత్తమ్మ మాటంత గూడ కొట్టది."

అత్తమ్మ వినలేదు. విన్నా గర్వపడేది. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుని, తీగల పొట్లం నా వైపు జరిపారు.

ఆ మధ్యాహ్నమంతా కుంపటిలో ఇనుపకడ్డీ కాల్చి, సీసం కరిగించి, అతుకు మీద అతుకు వేశాను. రెండు అతుకులు ఊడాయి, మళ్లీ వేశాను. ఆయన ఏదో అనబోయి పుస్తకం చదువుకున్నారు. పొద్దు వాలే వేళకు వాల్వును తోకకు కలిపి, తోకను తలుపు మీదే ఉంచి, మీట పెట్టె పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. నొక్కాను. ముందుగదిలో టక్కుమంది.

"రాజం, దీని తోక ఆడుతాంది. నువ్వు ముట్టినవా?" అత్తమ్మ గొంతు.

"లేదవ్వా," అన్నారాయన, గోడకు ఆనుకున్న మనిషి గొంతుతో.

మళ్లీ నొక్కాను. మళ్లీ ఆడింది. పెళ్లింటి నుంచి డప్పులు మొదలయ్యాయి, భోజనాలకు పిలుపు వచ్చింది. మీరిద్దరు పొండి, నేను ఎనకొస్త అన్నాను. వాళ్లు వెళ్లి ఇల్లు ఖాళీ అయ్యాక ఇంకోసారి నొక్కాను. టక్కుమన్న ఆ చప్పుడు వంటింట్లోకి మరింత బాగా వినిపించింది.