ఎండు ద్రాక్షలకు మాత్రమే ప్రవేశం

ఎండిన ద్రాక్షగుత్తిని ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్క పండే తొడిమ నుంచి ఒలుస్తున్నాను. బూజు పట్టింది కిందికి, బాగున్నది బుట్టలోకి. కోత కాగానే తడికల మీద పరిచి నీడన ఆరబెట్టిన గుత్తులివి. నవంబరు వచ్చేసరికి మా ఊరి ముసలమ్మల బుగ్గల్లా ముడతలు పడి, లోపల తేనె దాచుకుని కూర్చుంటాయి. ఈ పని యంత్రంతో కాదు, మగవాళ్ళతో అసలే కాదు. "మా వేళ్ళు లావు" అంటాడు మా ఆయన జెరోలమో. ఆ లావు వేళ్ళతోనే సీసా మీద సంతకం మాత్రం సన్నగా, ముత్యాల్లా చేస్తాడు.

ఎదురుగా కూర్చుని ఒలుస్తున్న మా అత్తగారు ఆర్జియా తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమే మిరెల్లా, నీకింకా వస్తోందా, ఆగిందా?"

"ఆగి ఏడాది దాటింది అత్తయ్యా."

"మరి చెప్పవేం?"

"చర్చిలో గంట కొట్టించమంటారా?"

ఆమె నవ్వలేదు. ఏప్రన్ జేబులోంచి తుప్పుపట్టిన తాళంచెవి తీసి బుట్టలో పళ్ళ మీద పెట్టింది. "ఇక నువ్వు దిగచ్చు" అంది.

దిగేది మా ఇంటి నేలమాళిగలోకి. మా అయిదూళ్ళ తీరంలో షాక్కెత్రా అనే తియ్యటి వైను మాగేది అక్కడే. పేరు వింటే షాకు, తాగితే సోకు. నెలసరిలో ఉన్న ఆడది దిగితే పీపాలో రసం చెడిపోతుందని మా వాళ్ళ నమ్మకం. ఎవరికి ఎప్పుడో గుర్తుపెట్టుకునే ఓపిక మగాళ్ళకి లేక, మా మామగారి తాతగారు నెల పొడుగునా నిషేధించేశారట. అన్నీ ఆగిపోయిన ఆడదానికే తాళంచెవి. అత్తయ్యకి అది అందేనాటికి ఆమె మోకాళ్ళకి తాళం పడింది. పాపం, జేబులో మోసిందే గాని ఒక్క మెట్టూ దిగి ఎరగదు. పెళ్ళైన కొత్తలో నేను గుమ్మంలో నిలబడి కాసేపు చల్లగాలి పీల్చాను. ఆ ఏడు ఒక పీపా వెనిగర్ అయింది. "కోడలి నీడ పడింది" అన్నారు మామగారు. ఆ పీపాకి మూత సరిగ్గా బిగించనిది ఆయన తమ్ముడు. కానీ నీడకున్న బలం మూతకి ఎక్కడిది? అప్పట్నించి ప్రతి క్రిస్మస్‌కీ సలాడ్ మీద వెనిగర్ చల్లుకుంటూ "ఇది మిరెల్లా వైను" అని బల్ల చుట్టూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే మనిషే పులుపంటారని. ఇంకో వింత ఉంది. మా వైపు బాలింతకి బలం రావాలని గుక్కెడు షాక్కెత్రా పోస్తారు. ఇలారియా పుట్టినప్పుడు నాకూ పోశారు. నా రక్తానికి వైను మందట, వైనుకి నా రక్తం విషమట.

ఇలారియా మా ఒక్కగానొక్క కూతురు. వైను తయారీ చదువుకుని మొన్న వేసవిలో ఇంటికొచ్చింది. ఈ ఏటి పళ్ళు తనే తొక్కి, రసం తనే కలియబెడతానంది. "నీ చదువు పుస్తకంలో, నా చదువు పీపాలో" అని గొణుగుతూనే వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడు. కొడుకు లేడు, నడుము వంగదు, ఏం చేస్తాడు? "ఆ రోజులు కాకపోతే సరే" అన్నాడు. అదే పెద్ద సంస్కరణ అనుకుని మీసం కూడా దువ్వుకున్నాడు. తొక్కేది ఇవాళే. ఇవాళ పొద్దున్నే అది పొట్ట పట్టుకుని వేడినీళ్ళ సంచి అడిగింది. ఆయన కంట పడింది.

వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించాడు. "మిరెల్లా, దానికి నువ్వు చెప్పు. బుట్ట గుమ్మం దగ్గర దింపి పొమ్మను. తొక్కడానికి మనిషిని పిలుస్తాలే."

"నువ్వే చెప్పు. నోరు నీకూ ఉందిగా."

"నేను చెప్తే పోట్లాడుతుంది. నువ్వు చెప్తే ఏడుస్తుంది. ఏడుపైతే తొందరగా అయిపోతుంది. అవతల వైను చూడ్డానికి మిలాన్ టూరిస్టులొచ్చే వేళైంది. అయినా తాళంచెవి నీ దగ్గరేగా ఇప్పుడు!"

తలుపు వెనక ఇలారియా ఉంది. ఆయన వెళ్ళాక లోపలికొచ్చింది. ఏడవలేదు. "నాన్న అన్నాడంటే సరే, ఆయన అలా పెరిగాడు. నువ్వు మాత్రం అనకమ్మా. నువ్వు అంటే నేనిక్కడ ఉండలేను" అంది. అని, నా పక్కన కూర్చుని మిగిలిన గుత్తులు ఒలవడం మొదలుపెట్టింది. నేను బుట్టలోని తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను. ఎన్నో ఏళ్ళు బయట నిలబడి ఎదురుచూసిన గుమ్మం అది. దాటే రోజు రాగానే నన్నే దానికి కాపలా పెట్టారు.

మిలాన్ వాళ్ళు వచ్చారు. కొత్త బూట్లు, పెద్ద టోపీలు. వాళ్ళని కొండెక్కించడం ఎప్పుడూ నా వంతే. మా ఇంటి పద్ధతే అంత: కొండ నాకు, దండ ఆయనకు. సముద్రం మీద నిలువుగా లేచిన కొండకి మెట్లు మెట్లుగా రాతిగోడలు, గోడకీ గోడకీ మధ్య మోకాలెత్తు ద్రాక్షపందిళ్ళు. సముద్రపు గాలికి జడిసి మా తీగ తల ఎత్తదు. దాని కింద దూరి కోసేవాళ్ళమూ ఎత్తం. ఎర్ర కళ్ళద్దాలావిడ గసపోసుకుంటూ అడిగింది.

"ఇన్ని గోడలు ఎవరు కట్టారండీ?"

"మగాళ్ళు కట్టారు, ఆడాళ్ళు రాళ్ళు మోశారు. రాయి గోడెక్కాక, ఎవరి నెత్తి దిగి వచ్చిందో చెప్పదు కదండీ."

పైన గుడిసె దగ్గర రొట్టె, ఉప్పుచేపలు పెట్టి, మేం రోజూ తాగే తెల్లవైను పోశాను. తీపి ఉండదు, నాలుక చివర కాస్త ఉప్పు తగులుతుంది. ఒకాయన కళ్ళు మూసుకుని, "ఆహా, ఇందులో సముద్రం ఉంది!" అన్నాడు.

"సగమే సముద్రమండీ. మిగతా సగం నా చెమట."

అందరూ నవ్వారు. నాకు నవ్వించడం బాగా వచ్చు. నవ్వుతున్నవాళ్ళు ఇంకేమీ అడగరు.

కిందికి దిగాం. నా యాత్ర గుమ్మం దాకానే. అక్కణ్ణించి ఆయన జైత్రయాత్ర. నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని "రండి, నా వైను చూద్దురుగాని" అంటూ జెరోలమో చేతులు చాపుతాడు. నేను "రొట్టె కొయ్యాలి" అని వెనక్కి తిరుగుతాను. ఇన్నేళ్ళూ ఎంత రొట్టె కోశానో! ఇవాళ మాత్రం ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఈమె మా ఆవిడ. ఇంతవరకూ ఈ గుమ్మం దాటలేదు. ఇవాళే మొదటిసారి" అన్నాడు. "రా మిరెల్లా."

వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన అరచెయ్యి చెమటతో తడిగా ఉంది. నిజంగానే సంతోషపడుతున్నాడు. మొదటిరాత్రి కూడా ఈ చెయ్యి ఇలాగే తడిసింది. ప్రేమలేనివాడైతే పోట్లాడ్డం ఎంత తేలిక! తలుపులోంచి చల్లటి వాసన వచ్చింది, తేనె, తడి కట్టె, ఎండు పళ్ళు కలిసిన వాసన. నా కాలు దానంతటదే లేచింది. అప్పుడు చూశాను. గోడ పక్కన ఇలారియా, చంకలో బుట్ట, ఇంకో చెయ్యి పొట్ట మీద. తండ్రి వైపు చూడ్డం లేదు, నా వైపే చూస్తోంది. నేను ఒక్కదాన్నే దిగితే అది రేపు బండెక్కుతుంది. ఎక్కకపోయినా నాలాగే ఇక్కడ నిలబడి ఎండిపోయేదాకా ఎదురుచూస్తుంది. అప్పుడు దాని చేతిలో తాళంచెవి పెట్టేదాన్ని నేనే. నాలో ఏది బతికి ఉన్నంతకాలం నన్ను బయట ఉంచారో, అది పోయినందుకా ఈ చప్పట్లు?

"జెరోలమో, ఒక్కమాట. నాకు ఇవాళ మళ్ళీ వచ్చింది."

"ఏమిటి వచ్చింది?"

"అదే. ఏడాది తర్వాత, పొద్దున్నే."

ఎర్ర కళ్ళద్దాలావిడకి అర్థమైంది, పెదవి కొరుక్కుంది. మగాళ్ళు సముద్రం కేసి తిరిగి, అక్కడేదో కొత్తగా వచ్చినట్టు చూడసాగారు.

"ఇప్పుడే రావాలా?" అన్నాడు జెరోలమో, దాదాపు ఏడుపు గొంతుతో.

"దానికి నీ టూరు వేళలు తెలియవు మరి." చెయ్యి విడిపించుకోలేదు. అలాగే పట్టుకుని వెనక్కి పిలిచాను. "ఇలారియా, బుట్ట తీసుకురా. ముందు నువ్వు దిగు, నీ వెనక నేను."

ఆయన గుమ్మానికి అడ్డంగా రెండో చెయ్యి చాపాడు. కోపంతో కాదు, భయంతో. ఆ పీపాల్లో ఆయన తండ్రి ఉన్నాడు, తాత ఉన్నాడు. "అమ్మా! చూస్తూ కూర్చుంటావేం? నువ్వైనా చెప్పు వీళ్ళకి" అని గుమ్మం పక్కన కుర్చీలో ఉన్న తల్లిని పిలిచాడు.

ఎనభై దాటిన ఆర్జియా కుర్చీ చేతుల మీద బరువు మోపి, మెల్లగా లేచి నిలబడింది.

"నాకూ పొద్దున్నే వచ్చిందిరా నాయనా" అంది. "అడ్డం తప్పుకుని ఆ మోచెయ్యి ఇటియ్యి, మెట్లు నిటారుగా ఉన్నాయి."