నీలవేణి డిస్కు దిగే సాయంత్రం

మా చెల్లెలు నీలవేణి విసిరిన డిస్కు ఈ సాయంత్రం కింద పడుతుందని స్టేడియం నుంచి కబురొస్తుంది. జిల్లా డిస్కస్ త్రో పోటీల్లో విసిరింది. ఆ తర్వాత వానలు పడ్డాయి, నీలవేణి జ్వరంతో పోయింది, డిస్కు మాత్రం ఇంకా పైనే ఉంది. అది పడేటప్పుడు ఇంటి మనిషి ఒకరు గీత దగ్గర నిలబడి చూడాలి. లేకపోతే అసలు విసిరినట్టే లెక్క కాదు.

"నువ్వెల్లు" అంటుంది అమ్మ, చింతపండు పిసుకుతూ. "నాకు మెడెత్తి చూసే ఓపిక లేదు."

సరే అంటాను. ఈమధ్య ఎవరేం చెప్పినా సరే అంటున్నాను. దానివల్ల పెద్ద తేడా ఏమీ కనిపించడం లేదు.

సైకిల్ మీద వెళ్లాలి. స్టేడియం దూరమేం కాదు, చేపల బజారు, రైలు గేటు దాటితే అదే. ఇబ్బంది దారితో కాదు, మనుషులతో. బయల్దేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదని అందరికీ తెలిసిందే. మా ఊళ్లో అలా అడిగితే రోడ్డే వెనక్కి తిరుగుతుంది. కాళ్లు తొక్కుతూనే ఉంటాయి, ముందు చక్రం మాత్రం మన గుమ్మంలో ఆగుతుంది. మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని, మళ్లీ మొదటినుంచీ బయల్దేరాలి. అందుకని ఎవరూ అడగని దారి కోసం ఆలోచిస్తాను.

చేపల బజారు పనికిరాదు, పొద్దుగూకేదాకా జనమే. కోర్టు వెనక సందు నయమనుకుని అటు తిప్పుతాను. అప్పలనరసమ్మ పిన్ని రేషన్ సంచితో ఎదురొస్తుంది.

"ఏటమ్మా, ఎక్కడికెల్తన్నావు?"

సందు చాపలా చుట్టుకుపోతుంది. నేను మా గుమ్మంలో ఉంటాను. అమ్మ చెంబు అందిస్తుంది.

ఈసారి కాలువ గట్టు మీద వెళ్తే గొర్రెలు కాసేవాడు అడుగుతాడు. సిమెంటు గోడౌన్ల వెనక, నాతో చదువుకున్న అమ్మాయి అడుగుతుంది, పాపం ప్రేమగానే. ఊళ్లో ప్రేమకేం కరువు లేదు. మంచినీళ్లు తాగి తాగి నా కడుపు చెరువైపోయింది. కిటికీలోంచి చూస్తే డిస్కు పళ్లెమంత కనిపిస్తోంది.

"ఆళ్లడక్కముందే నువ్వడిగెయ్" అంటుంది అమ్మ. "నోరు లేదేటి నీకు?"

పెద్దల మాట చద్దిమూట అంటారు కదా. సందు మొదట్లోనే "ఎక్కడికి పిన్నీ?" అంటాను. పిన్ని సంచితో సహా వెనక్కి వెళ్లిపోతుంది. గొర్రెలవాడిని అడుగుతాను, తర్వాత గొర్రెలనీ. రైలు గేటు వేసి ఉంటే రైలునే అడుగుతాను. అది ఒక్క కూత కూసి, జనంతో సహా వచ్చినవైపే పోతుంది. ఆసుపత్రికి క్యారియరు తీసుకెళ్తున్న ముసలాయన్ని కూడా అడుగుతాను. ఆయన క్యారియరు పట్టుకునే తిరిగిపోతాడు. చేసింది తప్పేనని తెలుసు, బాధ మాత్రం కలగదు. నీలవేణి పోయినప్పటి నుంచీ నా లోపలంతా తిమ్మిరెక్కిన కాలులాగే ఉంది.

స్టేడియంలో డ్రిల్లు మాస్టారు సన్యాసిరావు గారు టేపు పట్టుకుని ఒక్కరే ఉన్నారు.

"వచ్చావా, గీత దగ్గర నిలబడు. పడగానే కొలిచేద్దాం. దాంతో మీ చెల్లి పని అయిపోద్ది."

డిస్కు తిరుగుతూ దిగుతోంది. దాని గాలికి నా జుట్టు రేగుతోంది. అది నేలని తాకితే ఈ భూమ్మీద నీలవేణి చేస్తున్న పనంటూ ఏదీ మిగలదు. నాకది ఇష్టం లేదు. ఇన్నాళ్లకి నాకు ఇష్టం లేనిది ఒకటుందని తెలుస్తోంది.

తలెత్తి, "ఎక్కడికి?" అని అడుగుతాను.

డిస్కు తాటిచెట్టెత్తున ఆగుతుంది. కొంచెం ఊగుతుంది. తర్వాత బుద్ధిగా వెనక్కి తిరిగి, బయల్దేరిన చోటికి, సున్నం గీసిన వలయంలోకి వస్తుంది. దాన్ని అందుకోవడానికి ముందు వేళ్లు వస్తాయి, ఆ తర్వాత మణికట్టు, మోచెయ్యి, జడ. నీలవేణి మొత్తం వచ్చేదాకా డిస్కు వెనక్కి తిరుగుతూనే ఉండి, అప్పుడు ఆగుతుంది.

"ఫౌలు" అంటారు మాస్టారు, టేపు చుట్టుకుంటూ. "కొలత లేదు మరి."

"లేకపోతే పోనీండి" అంటాను.

నీలవేణి భుజంతో చెమట తుడుచుకుని నన్ను చూస్తుంది. "ఎక్కడికే అక్కా, ఇంత దూరం?"

నా పక్కనున్న సైకిల్ హ్యాండిల్ ఇంటివైపు తిరుగుతుంది. రైలు పట్టాలు, సందు, గుమ్మం వరసగా ఎదురొస్తాయి. ఈ ప్రశ్నకి మా ఊళ్లో ఎవరూ జవాబు చెప్పరు, వెనక్కి పోవడమే. నేను చెబుతాను.

"నీ దగ్గరికే."

నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. రోడ్డుకి ఏం చెయ్యాలో తోచదు. కాసేపు నిలబడి, సైకిల్‌ని మాత్రం తీసుకుని వెళ్లిపోతుంది.

నీలవేణి డిస్కుని మాస్టారి చేతికిస్తుంది. నా రెండు మణికట్లూ పట్టుకుని బరువు చూసుకుంటుంది.

"చిక్కిపోయావే" అంటుంది.

మోకాళ్లు వంచి తిరగడం మొదలుపెడుతుంది. నా పాదాలు నేలని వదులుతాయి. చెప్పులు చెరోవైపూ ఎగిరిపోతాయి, ఊరు మొత్తం అడ్డంగా కనిపిస్తుంది. మాస్టారు వలయం చుట్టూ కట్టిన వల వెనక్కి తప్పుకుంటారు. ఎక్కడికి విసురుతోందో నేను అడగను.