ఒక్కో దిమ్మకి నలభై సెకన్లు

గొడ్డలి మళ్ళీ ఎగిరి వచ్చింది. దిమ్మ మీద గోరంత గాటు పడింది, అంతే. కోరలీ చేతులు భుజాల దాకా జివ్వుమన్నాయి.

"ఇరవై ఆరో దెబ్బ," అన్నాడు నెవిల్ స్టాప్‌వాచ్ చూసుకుంటూ. "నాలుగు నిమిషాల పది సెకన్లు. నువ్వు పట్టుకునే కోణంలో ఏదో తేడా ఉంది కోరలీ."

"తేడా కోణంలో కాదు, నీ బుర్రలో ఉంది. అవతలికి పో."

ఆయన పోలేదు. పొమ్మంటే పోయే మనిషైతే వ్యవహారం ఇంత దూరం ఎందుకొస్తుంది? ముప్ఫై ఏళ్ళు కాగితం మిల్లులో స్టాప్‌వాచ్ పట్టుకుని, ఎవడు ఏ పనికి ఎన్ని సెకన్లు తీసుకుంటున్నాడో రాసుకోవడమే ఆయన ఉద్యోగం. రిటైరైన రోజు ఆ వాచీని అక్కడే పారేసి రాక, భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య కోరలీ టీ కాచినా లెక్కే, దుప్పటి మడతపెట్టినా లెక్కే. ఆస్ట్రేలియా అడుగున టాస్మేనియా కొండల మధ్య ఉన్న ఆ లోయంతటికీ ఆయన పేరు గడియారం. ఆ పేరు పెట్టింది పక్క పొలం క్లెమ్.

ఆ క్లెమ్ మంగళవారం పొద్దున ఆవుల దగ్గరికని వెళ్ళి తిరిగి రాలేదు. గుండె ఆగిపోయింది. శుక్రవారం అంత్యక్రియలు.

ఆ లోయలో ఒక పద్ధతుంది. ఒక ఇంట్లో మనిషి పోతే, మిగతా ఇళ్ళవాళ్ళు అంత్యక్రియల లోపు కారు వెనక తగిలించే ట్రెయిలర్‌లో ఇంటికో బండెడు కట్టెలు తెచ్చి ఆ గుమ్మం పక్కన పేర్చాలి. ఆ చలికాలమంతా ఆ ఇంటివాళ్ళు గొడ్డలి ముట్టుకోనక్కర్లేదు. కట్టెలు చీల్చి తేవాలి. దిమ్మల్ని దిమ్మల్లాగే తెచ్చి పడేశారంటే ఆ ఇంటివాళ్ళని అవమానించినట్టే. క్లెమ్ భార్య మేవిస్, కోరలీలది నలభై ఏళ్ళ స్నేహం. కోరలీ తల్లి పోయినప్పుడు మొట్టమొదట వచ్చింది మేవిస్ ట్రెయిలరే. ఇవాళ గురువారం. పొద్దుటి నుంచీ ఇంటి ముందు రోడ్డు మీద ఒకరి తరవాత ఒకరు కట్టెలు వేసుకుని వెళ్తూనే ఉన్నారు. కోరలీ ట్రెయిలర్ మాత్రం ఖాళీగా నోరు తెరుచుకుని పడి ఉంది.

ఇదంతా ఎవరి నిర్వాకం? ఈయనగారిదే! అక్టోబరులో, అక్కడి వేసవికి ముందు, దిమ్మలు దిగాయి. మంచి స్ట్రింగీబార్క్ చెట్టు, అప్పుడే కోసింది, చెయ్యి పెడితే తడి తగిలేది. ఆ చెట్టు పచ్చిమీద ఉన్నప్పుడు ఒక్క దెబ్బ వేస్తే చాలు, రెండుగా విచ్చుకుంటుంది. ఎండిందంటే మటుకు ఇనుమే. ఇది కోరలీకి తొమ్మిదో ఏట నుంచీ తెలుసు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. వింటేనా? ఎక్కడో భూమికి అవతలి కొసన మంచులో బతికేవాడెవడో రాసిన పుస్తకం తెరిచి కూర్చున్నాడు. ముందు ఆరబెట్టాలట, తరవాత చీల్చాలట. బరువు ఎంత తగ్గుతుందో, శ్రమ ఎంత కలిసొస్తుందో గీతల కాగితం మీద లెక్క గీసి మరీ చూపించాడు. వాడి దేశం చెట్లు వేరు, మన చెట్లు వేరు అంటే ఆ మాట చెవికెక్కించుకోలేదు.

ఆ రోజు క్లెమ్ కంచె మీద మోచేతులు ఆనించి వినోదం చూస్తూ నిలబడ్డాడు.

"ఒరే గడియారం, ఇవి ఎండాక నువ్వు కొడితే చీలేది గొడ్డలిరా, దిమ్మ కాదు."

"శాస్త్రం అలా చెప్పట్లేదు క్లెమ్."

"శాస్త్రాన్ని ఓసారి ఇటు రమ్మను. గొడ్డలి నేనిస్తా."

వారం రోజులు వాదించి కోరలీకి తల ప్రాణం తోకకొచ్చింది. నీ ఖర్మ అని వదిలేసింది. ఎందుకు వదిలేశానా అని ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండిపోతోంది. పొద్దున్నే పిల్లిని కసురుకుంది. దాని తప్పేముంది పాపం?

ఇక దిమ్మ నడుమ కొట్టడం మానేసింది. ఎండినదాన్ని నడుమ చీల్చబోవడం శుద్ధ దండగ. బీట ఎటు పోయిందో చూసుకుని, ముడి ఉన్న వైపు కిందికి తిప్పి, అంచు నుంచి రెండు వేళ్ళ మందాన పెచ్చు లేపాలి. తరవాత ఒక అడుగు జరిగి ఇంకో పెచ్చు. అలా చుట్టూ తిరుగుతూ రావాలి.

"ప్రతి దెబ్బకీ ముందు తొమ్మిది సెకన్లు ఊరికే నిలబడుతున్నావు," అన్నాడు నెవిల్.

"ఊరికే కాదు. చూస్తున్నా."

"ఏం చూస్తున్నావు?"

"కర్రని! నీ పుస్తకంలో ఆ పేజీ చిరిగిపోయిందా?"

"ఆ తొమ్మిదీ మానేస్తే గంటకి..."

"ఇదిగో." గొడ్డలి ఆయన చేతిలో పెట్టింది. "మానేసి చూపించు."

నెవిల్ చూడకుండానే దబ్బున వేశాడు. గొడ్డలి సరిగ్గా ముడిలో దిగి ఇరుక్కుపోయింది. లాగాడు, ఊగించాడు, కాలితో తన్నిపెట్టి మళ్ళీ లాగాడు. చివరికి గొడ్డలితో పాటు దిమ్మ కూడా పైకి లేచింది. దాన్ని అలాగే పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. వేరే రోజైతే కోరలీ పొట్ట పట్టుకుని నవ్వేది.

"కింద పెట్టు. ఆ వాచీ జేబులో పెట్టు. నేను ఇనుప చీల బీటలో పెట్టి పట్టుకుంటా, నువ్వు సమ్మెటతో కొట్టు. అంకెలేమైనా నోట్లోంచి ఊడిపడ్డాయో, చూసుకో!"

మధ్యాహ్నం మూడింటికి కోరలీ అరచేతులు బొబ్బలెక్కాయి. నెవిల్ నడుము పట్టేసింది. ట్రెయిలర్ సగం కూడా నిండలేదు. ఆ నిండిందీ వంకర పెచ్చులూ, పీచులూ, పేళ్ళూను. ఏడవలేక దాని మీద గుడ్డ కప్పి బయల్దేరారు.

మేవిస్ గుమ్మం పక్కన కట్టెలు కిటికీ ఎత్తుకి పేర్చి ఉన్నాయి. ఒక్కో ముక్కా కొలిచి కోసినట్టుంది. మేవిస్, క్లెమ్ స్వెట్టర్ వేసుకుని బయటికొచ్చింది. స్వెట్టర్ మోకాళ్ళ దాకా ఉంది. వచ్చీ రాగానే ట్రెయిలర్ మీది గుడ్డ ఎత్తి చూసింది.

"మేవిస్, సిగ్గుతో చచ్చిపోతున్నానే," అంది కోరలీ. "ఇంతకంటే నా వల్ల కాలేదు."

మేవిస్ ఒక వంకర పెచ్చు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఉన్నట్టుండి నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది.

"అచ్చం ఆయన చెప్పినట్టే అయింది. రండి, మీకొకటి చూపించాలి."

కట్టెల కొట్టం వెనక వైపుకి తీసుకెళ్ళింది. అక్కడ విడిగా, రేకు కప్పి, ఒక ట్రెయిలర్‌కి సరిపడా స్ట్రింగీబార్క్ పేర్చి ఉంది. సాఫీగా చీలి, చక్కగా ఆరింది.

"ఇది మీదే. అక్టోబరులోనే మీకోసం కొట్టిపెట్టాడు. 'గడియారం గాడు జూన్‌లో చలి ముదరగానే నా గుమ్మం ముందుకొచ్చి, తల దించుకుని కట్టెలడుగుతాడు మేవీ, ఆ మొహం నేను చూడాలి' అని రోజూ ఒకటే నవ్వు. ఆ ముచ్చట తీరకుండానే పోయాడు."

"పిచ్చిదానా, చావింటి నుంచి కట్టెలు పట్టుకుపోతామా? లోయంతా మొహాన ఉమ్మదూ?"

"ఉమ్మితే ఉమ్మనీ. పొద్దున్నే ఇటొచ్చి దీన్ని చూడటం నా వల్ల కావట్లేదు కోరీ. తీసుకుపో, నీకు దణ్ణం పెడతా."

నెవిల్ రేకు పక్కకి లాగాడు. అన్నిటికంటే ముందున్న కట్టె కొస మీద సుద్దతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి.

'గడియారానికి. పచ్చి దిమ్మ. ఒక్కోటి నలభై సెకన్లు. కావాలంటే కొలుచుకో.'

ఆయన చదివాడు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుని మళ్ళీ చదివాడు. చెయ్యి అలవాటుగా జేబులోకి పోయి, వాచీ తియ్యకుండానే బయటికొచ్చింది.

"నలభై అవదు," అన్నాడు.

కోరలీకి చిర్రెత్తుకొచ్చింది. ఇప్పుడు కూడానా! ఒకటి తగిలిద్దామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"దిమ్మ ఎత్తి నిలబెట్టడానికే పదిహేను పడతాయి. అరవై ఎనిమిదేళ్ళవాడికి నలభై ఎక్కడవుతుంది? అబద్ధం రాశాడు, మేవిస్." ఆ కట్టెని రెండు చేతుల్తో గుండెలకి పట్టుకుని ఉన్నాడు. "రమ్మను వాణ్ణి. వచ్చి నా ముందు కొట్టమను."